పిలిచే చేతిలో చిటికెడు ఉప్పు

దుబాయ్ నుంచి సెలవు మీద ఇంటికెళితే మా అమలాపురం చుట్టాలు అడిగేవి రెండే ప్రశ్నలు: ఆ పెద్ద టవరు ఎక్కావా, బంగారం ఎంత తెచ్చావు? ఈసారి నేనే ముందుగా ఇంకో సంగతి చెప్పాను. నాలుగు రోజులు కొండల్లో గాడిదల మధ్య ఉండొచ్చానన్నాను. మా పెద్దమ్మ కొడుకు పకపకా నవ్వి, "అయితే గాడిద గుడ్డు తెచ్చావన్న మాట" అన్నాడు. నేనూ నవ్వేసి ఊరుకున్నాను. చెప్పకుండా ఊరుకున్న ఆ మిగతా సంగతే ఇది. ఇందులో నేను చేసిన తప్పు ఒకటుంది. దాన్ని దాచిపెట్టి తిండి గురించీ దారి గురించీ రాయడం నాకు చేతకాలేదు.

సత్వా నుంచి

నేను దుబాయ్‌లో ఒక ఆసుపత్రిలో నర్సుని. సత్వాలో ముగ్గురం నర్సులం ఒక గదిలో ఉంటాం. మల్లయ్య మా ఆసుపత్రికి మోకాలి నొప్పితో వచ్చాడు. డాక్టరు ఇంగ్లీషులో అడిగినదానికల్లా తలూపుతున్నాడు. ఎలర్జీ ఉందా అంటే ఊపాడు, లేదా అన్నా ఊపాడు. నేను తెలుగులో అడిగేసరికి ఆయన కళ్ళు చెమర్చాయి. "తెలుగోల్లేనా తల్లీ! ముందుగాల జెప్పొద్దా" అన్నాడు. జగిత్యాల దగ్గర పల్లెటూరు. వచ్చి ఇరవై రెండేళ్ళయింది. మొదట అబుదాబి పక్కన ముసఫ్ఫాలో ఐకాడ్ కార్మికుల క్యాంపులో ఉండి ఇనుప కట్టడాల పని చేశాడు. పరంజా మీద నుంచి పడి మోకాలు చెడ్డాక రస్ అల్ ఖైమా కొండల్లో ఒక ముసలి అరబ్బు తోటలో కుదిరాడు.

వచ్చినప్పుడల్లా మోకాలి గురించి రెండు ముక్కలు, గాడిదల గురించి ఇరవై ముక్కలు చెప్పేవాడు. ఆ కొండల్లో ఎవరివీ కాని గాడిదలున్నాయట. ఒకప్పుడు కొండజనం నీళ్ళూ గోధుమలూ వాటి మీదే మోసేవారు. రోడ్డు పడి పికప్ బండ్లు వచ్చాక వాటిని కొండకి వదిలేశారు. అవి అక్కడే పిల్లల్ని కని, ఆ పిల్లలు పిల్లల్ని కని, ఇప్పుడు మనిషి పొడ గిట్టని అడవి మందలయ్యాయి. ఎండాకాలం గడిచి చలి మొదలయ్యాక మల్లయ్య యజమాని ఏటా తన లోయలోని మందని కిందికి దింపిస్తాడు. పెరిగిన గిట్టలు కోయించి, పుండ్లకి మందు పెట్టించి, బండ్ల లైట్లకి మెరిసే పట్టీ మెడకి కట్టించి మళ్ళీ వదిలేస్తాడు.

"అరవై నిండినయ్ బిడ్డా, ఇగ వీసా కొట్టరట" అన్నాడు మల్లయ్య చివరిసారి వచ్చినప్పుడు. "ఈ డిసెంబర్ల మంద దింపుడే నాకు ఆఖరిది. ఒక్కసారి వచ్చి సూసి పో. పుండ్లకు మందన్న పెడుదువు."

"నేను మనుషుల నర్సుని బాబాయ్."

"పుండు పుండే గదా. దానికి ఆధార్ కార్డు ఉంటదా?"

జాతీయ దినం సెలవులకి వారాంతం కలిసొచ్చి నాలుగు రోజులు దొరికాయి. బయలుదేరాను.

టీ కొట్టు దగ్గర

దుబాయ్ నుంచి రస్ అల్ ఖైమాకి బస్సు ఇరవై ఏడు దిర్హాములు. దారి పొడుగునా కార్లకి జెండాలే. దిగీ దిగగానే కారు కిటికీలోంచి ఎవరో పిల్లలు పండగ నురుగు చిమ్మితే నా కొత్త చుడీదార్ సగం తెల్లబడింది. మా ఊళ్ళో అయితే ఆ కారు వెంట నాలుగు తిట్లు పరిగెత్తేవి. ఇక్కడ చెయ్యూపి నవ్వాలి. నవ్వాను.

బస్టాండు పక్కన ఒక మలయాళీ టీ కొట్టు ఉంది. ఏలకులు దంచి వేసిన కరక్ చాయ్ దిర్హమున్నర. నేను గాడిదల కోసం వచ్చానంటే కొట్టాయన నవ్వలేదు. గిన్నె కడుగుతూ హిందీలో చెప్పాడు, ఆ మధ్య రోడ్డు మీద ఒకదాన్ని బండి కొట్టిందట. అది పక్కకి పడి ఉంటే, ఇంకొకటి రెండు రోజులు దాని దగ్గరే నిలబడిందట. నీళ్ళు పెడితే తాగలేదట. చాయ్ డబ్బులు ఇవ్వబోతే వద్దన్నాడు. "వాటికి ఏమైనా కొనిపెట్టండి" అన్నాడు. నేను తలూపానే గాని ఏమీ కొనలేదు. కొని సంచీలో వేసుకుని ఉంటే ఈ కథ వేరేగా ఉండేది.

అర్బాబ్ ఇల్లు

తోటలో మల్లయ్యతో పాటు పనిచేసే జమాన్ పికప్ తెచ్చాడు. నలభై ఏళ్ళ పఠాన్, పెషావర్ వైపు మనిషి. మల్లయ్య వెళ్ళిపోయాక గాడిదల బాధ్యత అతనిదే. బండి లోయలోకి దిగుతుంటే రెండు పక్కలా గోడల్లా గోధుమరంగు రాయి. పచ్చదనం అంటే అక్కడక్కడా తుమ్మలు, రేగుచెట్లు. రేగుచెట్టు కనబడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. పండు కోసి నోట్లో వేసుకుంటే అచ్చం మన రేగుపండే, కాస్త పులుపు తక్కువ.

యజమానిని అందరూ అర్బాబ్ అంటారు. ఎనభై దాటాయి, కర్ర పట్టుకుని నడుస్తాడు. ఆయన భార్యని ఉమ్మ అనాలని జమాన్ ముందే చెప్పాడు. నా పడక ఆమె గదిలోనే. రాగానే చిన్న గిన్నెలో చక్కెర లేని ఏలకుల కాఫీ పోసింది. మర్యాదకి తాగేశాను. మళ్ళీ పోసింది. మళ్ళీ తాగాను. అలా ఆరు గిన్నెలయ్యాక మల్లయ్య గుమ్మం అవతల నుంచి కేకేశాడు: "గిన్నె అటిటు ఊపాలె సిస్టరమ్మా! ఊపకుంటే తెల్లారేదాంక పోస్తనే ఉంటది." మనకైతే విస్తట్లో చెయ్యి అడ్డం పెడితే సరిపోతుంది. ఉమ్మ నవ్వి నవ్వి ముసుగుతో కళ్ళు తుడుచుకుంది.

ఇంటి వెనక పాత రాతి ఇల్లు ఉంది. నేల సగం భూమిలోకి తవ్వి కట్టారు. లోపలున్న మట్టి గాదెలు గుమ్మం కంటే పెద్దవి. ముందు గాదెలు పెట్టి తర్వాత గోడలు కట్టారట. అర్బాబ్ కర్రతో వాటిని తట్టి తన హిందీలో చెప్పాడు. "పానీ గధా లాయా. గేహూ గధా లాయా. మేరా మా ఇస్ ఘర్ మే దుల్హన్ ఆయా, గధా లాయా." నీళ్ళనీ, గోధుమల్నీ, పెళ్ళికూతురిగా వచ్చిన వాళ్ళమ్మనీ ఈ ఇంటికి మోసింది గాడిదేనట. తర్వాత, "ఫిర్ గాడీ ఆయా. హమ్ లోగ్ బోలా, గధా ఖలాస్." బండి రాగానే గాడిద పని అయిపోయిందని తామే అన్నారట. ఏటా ఆయన ఇంత ఖర్చు ఎందుకు పెడుతున్నాడో నాకు అప్పుడు తెలిసింది.

బండ మీద

ఆ సాయంత్రమే మల్లయ్య నన్ను ఇంటి పైనున్న బల్లపరుపు బండ దగ్గరికి తీసుకెళ్ళాడు. కుంటుతూనే నాకంటే ముందు ఎక్కాడు. జేబులోంచి గుప్పెడు తవుడు తీసి చేతిలో పట్టుకుని, తల పైకెత్తి పిలిచాడు.

"దా... దా... దా... రావే లచ్చవ్వా... రా బిడ్డా దా..."

పాట కాదు, కేక కాదు. చివరి 'దా' లోయ అవతలి గోడకి తగిలి తిరిగొచ్చింది. నేను ఫోన్ తీసి వీడియో పట్టాను. ఐదు నిమిషాలకి పై గట్టు మీద రెండు చెవులు కనబడ్డాయి. తర్వాత బూడిదరంగు ముసలి ఆడగాడిద ఒకటి మెల్లగా దిగి వచ్చింది. ముందు గిట్టలు రెండూ పెరిగి పాత జోళ్ళలా పైకి వంగి ఉన్నాయి. ప్రతి అడుగూ ఆలోచించి వేస్తోంది. వచ్చి మల్లయ్య గుప్పిట్లో మూతి పెట్టింది. దాని వీపు మీద అడ్డంగా, నిలువుగా నల్లటి చార ఉంది. మట్టలాదివారం నాడు మా అమ్మమ్మ చెప్పేది, యేసు ప్రభువుని మోసినందుకు గాడిద వీపు మీద సిలువ మిగిలిందని. కథే అనుకున్నాను. ఆ వీపు చూసి చెయ్యి పెట్టబోయాను. అది అడుగు వెనక్కి వేసింది.

"నా చెయ్యి తప్ప ఎవ్వల చెయ్యి పడనియ్యది" అన్నాడు మల్లయ్య కొంచెం గర్వంగా. దాని తల్లి బండి కింద పడి చచ్చిపోతే, మూడు రోజుల పిల్లని తనే సీసాతో పాలు పట్టి పెంచాడట. పెరిగాక కొండకి వదిలేశాడు. అదే ఇప్పుడు మందకి పెద్దది. అది దిగితే మిగతా ఇరవై నాలుగూ వెనకే దిగుతాయి.

"మరి ఇప్పుడే పట్టుకుని గిట్టలు కోసేయొచ్చుగా?"

"ఇప్పుడు పట్టుకుంటే కొండ మీదియన్ని బెదురుతయ్. ఎల్లుండి దొడ్డి కాడ అది ముందు నడుస్తది, అన్ని ఎనక వస్తయ్. గిట్టలు గప్పుడే కోస్త. ఈసారి కోయకుంటే వచ్చే ఎండకాలం నీళ్ళకాడికి నడువలేదు. నడువకుంటే..."

అప్పుడే తమ ఇంటి సంగతి చెప్పాడు. "మేం చాకలోల్లం. నాయినకు ఆరు గాడిదలుండె. చెరువు కాడ బట్టలు దించినంక ఇడిసిపెడితే ఎటో మేసుకుంట పోయేటియి. పిలిసి తోలుకొచ్చుడు నా పని. నాయిన ఒక్కటే మాట జెప్పిండు. పిలిసినంక ఖాళీ చెయ్యి సూపియ్యద్దు. తవుడు లేకుంటే చిటికెడు ఉప్పన్న పట్టుకోవాలె. ఒక్కసారి మోసం జేస్తే గాడిద మల్ల ఆ పిలుపుకు రాదు."

క్యాంపులో ఇరవైమంది మగాళ్ళ మధ్య ఈ గాడిదల విద్య ఎవరికీ చెప్పలేదట, ఎక్కిరిస్తారని. ఇక్కడ అర్బాబ్ దగ్గర మాత్రం అదే ఆయనకి అన్నం పెట్టింది. చీకటి పడుతుంటే లచ్చవ్వ వెనుదిరిగి కొండెక్కింది. గట్టు దాటేదాకా ఇద్దరం చూశాం.

పాత పొలాల దగ్గర

మర్నాడు మల్లయ్య కింద దొడ్డి కంచె బిగించే పనిలో ఉన్నాడు. జమాన్ పైనున్న పాత మెట్ల పొలాలకి మంద జాడ చూడ్డానికి వెళుతూ, "ఆయియే సిస్టర్ జీ, ఊపర్ బహుత్ అచ్ఛా హై" అన్నాడు. వెళ్ళాను. ఒకప్పుడు వాన పడితే గోధుమ పండించిన పొలాలవి. ఇప్పుడు రాళ్ళ గట్లు మాత్రం మిగిలాయి. గాలి చల్లగా ఉంది. ఉమ్మ కట్టిచ్చిన పల్చటి రొట్టెలు, తేనె తిన్నాం. ఒక్క ముక్క కూడా మిగల్చలేదు.

జమాన్‌కి బెంగగా ఉంది. మల్లయ్య చాచా వెళ్ళిపోతే తన గొంతుకి ఆ గాడిద రాదు, ఏం చేయాలో తెలియడం లేదన్నాడు. ఆ పిలుపు నేర్చుకుందామంటే నోరు తిరగడం లేదు. "నా దగ్గర వీడియో ఉంది, వింటావా?" అన్నాను. గొప్ప సాయం చేస్తున్నాననే అనుకున్నాను. గాలి హోరులో వినబడదని సౌండు పూర్తిగా పెంచాను.

దా... దా... రావే లచ్చవ్వా...

లోయ ఆ మాటని అందుకుంది. జమాన్ పెదవులు కదుపుతూ నేర్చుకుంటున్నాడు. మళ్ళీ పెట్టమన్నాడు. పెట్టాను. మూడోసారికి పై నుంచి రాళ్ళు దొర్లిన చప్పుడైంది. లచ్చవ్వ దిగుతోంది. నిన్నటి దారి కాదు, నిట్టనిలువు వాలు. ఆ వంకర గిట్టలతో జారుతోంది, మోకాళ్ళ మీద పడుతోంది, లేస్తోంది. దాని వెనక ఇంకో తొమ్మిదో పదో ఉన్నాయి.

వచ్చి పది అడుగుల దూరంలో ఆగింది. ఎగశ్వాసతో పక్కలు ఎగిసి పడుతున్నాయి. మల్లయ్య కోసం అటూ ఇటూ చూసింది. నేను సంచీ తిరగేశాను. మాస్కు, శానిటైజరు, తలనొప్పి మాత్రలు. అంతే. అప్పుడన్నా ఊరుకోవాల్సింది. ఊరుకోలేదు. నా పక్కకి వస్తే ముట్టుకోవచ్చనే ఆశ నాకు నిన్నటి నుంచీ ఉంది. అందుకే ఖాళీ గుప్పిట మూసి ముందుకి చాపాను.

అది వచ్చింది. నిన్న నా చెయ్యి పడనివ్వని ప్రాణి, ఆ పిలుపుని నమ్మి వచ్చింది. మెత్తటి పెదవితో నా వేళ్ళు విప్పింది. అరచెయ్యంతా వెతికింది. ఏమీ లేదు. తలెత్తి నా ముఖంలోకి చూసి, వెనక్కి తిరిగింది. వచ్చిన వాలునే మళ్ళీ ఎక్కడం మొదలుపెట్టింది. మిగతావీ వెళ్ళిపోయాయి.

"చాచా కో మత్ బోలో సిస్టర్ జీ" అన్నాడు జమాన్, చెప్పొద్దని చెయ్యి ఊపుతూ. "దిల్ టూట్ జాయేగా."

ఆ సాయంత్రం మల్లయ్య మొక్కజొన్న రవ్వతో మక్కగట్క చేసి, పచ్చిపులుసు కలిపి పెట్టాడు. ఇంటి నుంచి తెచ్చిన మక్కరవ్వ ఆఖరి గుప్పెడు నాకోసం వండాడు. "ఎట్లున్నది?" అంటే బాగుందన్నాను. రుచి తెలియలేదు. జరిగింది చెప్పలేదు. రేపు అది వచ్చేస్తుందిలే, నేనెందుకు ఈయన్ని బాధపెట్టడం అని సర్దిచెప్పుకున్నాను.

దొడ్డి

మంద దింపే రోజు అర్బాబ్ తెల్లారకుండానే వచ్చి కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పక్క లోయ వాళ్ళు ఆరుగురు వచ్చారు. పశువుల డాక్టరు వచ్చాడు. మల్లయ్య కొత్త లుంగీ కట్టుకుని, తలకి తువ్వాలు చుట్టుకుని, రెండు చేతుల నిండా తవుడూ ఖర్జూరాలూ పట్టుకుని దొడ్డి నోట్లో నిలబడ్డాడు. పిలిచాడు.

గట్టు మీద చెవులు కనబడ్డాయి. నా గుండె కుదుటపడింది. మల్లయ్య మళ్ళీ పిలిచాడు. ఆ చెవులు కదల్లేదు. పావుగంట పిలిచాడు. గొంతు బొంగురుపోయింది. "ఏమైందే నీకు? నేనే గాదె, మల్లిగాన్ని" అన్నాడు చివరికి, ఎవరూ వినకూడదన్నట్టు చిన్నగా. లచ్చవ్వ అక్కడే నిలబడి చూసి, గట్టు అవతలికి వెళ్ళిపోయింది.

అర్బాబ్ ఎండ పొడ చూసి, "యల్లా, పీఛే సే" అన్నాడు. మనుషులు పైకెళ్ళి డబ్బాలు వాయిస్తూ వెనక నుంచి తోలారు. ఎన్నడూ అలా తోలింది లేదట. గాడిదలు ఒకదాని మీద ఒకటి పడుతూ, ఓండ్ర పెడుతూ దొడ్డిలోకి దిగాయి. లెక్క పెడితే ఇరవై నాలుగు. లచ్చవ్వ ఒక్కటే లేదు. దాన్ని అలా తోలొద్దని మల్లయ్యే కేకలేసి ఆపాడు. ఆ గిట్టలతో పరిగెత్తిస్తే కాలు విరుగుతుంది.

పొద్దున్నంతా పని చేశాం. ఒక గాడిద కాలు నేను పట్టుకోవాల్సి వచ్చింది. మల్లయ్య పెద్ద పటకారుతో గిట్ట కొసలు కత్తిరిస్తూ, ఆకురాయితో నున్నగా రాస్తూ, "వసుదేవుడంతటోడే గాడిద కాళ్ళు పట్టుకున్నడు, నీదేముంది సిస్టరమ్మా" అన్నాడు. మిగతావాళ్ళని నవ్వించడానికే అన్నాడు. ఆయన మాత్రం మాటమాటకీ గట్టు వైపు చూస్తున్నాడు. నేను పురుగుపట్టిన పుండ్లు కడిగాను, ముళ్ళు తీశాను. ఒక్కొక్క గాడిద మెడకి పట్టీ కట్టి వదులుతుంటే అర్బాబ్ ప్రతి దానికీ ఏదో మాట చెప్పి పంపాడు. దీవెన కావచ్చు, క్షమాపణ కావచ్చు. అడగలేదు.

చివరిదాన్ని వదిలాక మల్లయ్య నీళ్ళ తొట్టి గట్టు మీద కూర్చున్నాడు. "ఇన్నేండ్లల్ల ఒక్కనాడు గిట్ల జెయ్యలే. నేను పోతున్నట్టు దానికి ఎరుకైందా ఏంది? అలిగిందా?" అన్నాడు.

ఆ మాటతో ఇక ఉండలేకపోయాను. అంతా చెప్పేశాను. వీడియో, మూడుసార్లు పెట్టడం, గుప్పిట. గుప్పిట సంగతి చెప్పేటప్పుడు ఆయన ముఖం చూడలేదు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది.

"తెల్వక జేసినవ్" అన్నాడు.

"తెలుసు బాబాయ్. మీరు ముందు రోజే చెప్పారు."

అరచేతికి అంటిన తవుడు దులుపుకున్నాడు. తర్వాత మెల్లగా చెప్పాడు. "నా ఇంటిది గూడ గట్లనే ఎదురుసూసింది బిడ్డా. ఐతారం ఐతారం ఫోన్ల పిలిచేటోన్ని. బతుకమ్మకు వస్తున్ననే, ఈసారి పక్కా అంటుంటి. తంగేడుపూలు తెచ్చి పెట్టుకునేదట. ఆరేండ్లు గట్లనే అన్న. ఏడో ఏడు నేను పిలిస్తే ఫోన్ ఎత్తలే. కరోనల దవాఖాన్ల ఉండె. ఇమానాలు బందయినయ్. అది పోయింది." తలకి చుట్టిన తువ్వాలు విప్పాడు. "నేను గూడ ఖాళీ చెయ్యే సూపిచ్చిన. నిన్నేమంట?"

నేను ఏడ్చాను. నర్సు ఉద్యోగంలో చావులు చూసీ చూసీ కళ్ళు ఎండిపోయాయని నాకో నమ్మకం ఉండేది. అది తప్పని తేలింది. ఆయన తువ్వాలు ఇచ్చాడు. దానికి తవుడు వాసన.

తిరుగు దారి

మల్లయ్య విమానం మర్నాడు సాయంత్రం. పొద్దున్నే పెట్టె కట్టేశాడు. రెండు దుప్పట్లు, ఒక టార్చిలైటు, మనవరాలికి బొమ్మ. పాత ఆకురాయి జమాన్ చేతిలో పెట్టి, "పైలం, జాగర్త" అన్నాడు. అర్బాబ్ ఆయన్ని దగ్గరికి తీసుకుని ముక్కుకి ముక్కు తాకించాడు. ఇక్కడి మగవాళ్ళు సమానమైన వాళ్ళకి చేసే పలకరింపు అది. మల్లయ్యకి ఏం చేయాలో తెలియక వంగి కాళ్ళకి దండం పెట్టబోతే, ముసలాయన భుజాలు పట్టి ఆపేశాడు. ఉమ్మ గుమ్మంలోనే నిలబడి నా సంచీలోకి రెండు పొట్లాల ఖర్జూరాలు తోసింది.

"ఒక్క పది నిమిషాలు" అన్నాడు మల్లయ్య. బండ దగ్గరికి నేనూ వెళ్ళాను. జేబులోంచి ఖర్జూరాలు తీసి గింజలు ఒలిచి, బండ మీద వరసగా పెట్టాడు. పక్కన తవుడు కుప్ప పోశాడు. కాగితంలోంచి చిటికెడు ఉప్పు తీసి దాని పక్కన పెట్టాడు. ఈసారి పిలుస్తాడనుకున్నాను.

"పిలవరా బాబాయ్?"

"పిలిచే మొకం ఏడున్నది? పెట్టిపోవుడే." కొండ వైపు చూడకుండానే దిగిపోయాడు.

బండి కదిలింది. జమాన్ నడుపుతున్నాడు. మల్లయ్య ముందు సీట్లో పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. "నేను ఎనకకు మల్లి సూస్తే అది దిగది. నా సూపు దానికి ఎరుక. నువ్వు సూడు బిడ్డా" అన్నాడు. నేను వెనక సీట్లో మోకాళ్ళ మీద లేచి అద్దంలోంచి చూశాను. బండి రెండు వందల గజాలు వెళ్ళేసరికి గట్టు మీద చెవులు కనబడ్డాయి. ఆ జోళ్ళ గిట్టలతో, ఆగి ఆగి, లచ్చవ్వ బండ దాకా దిగింది.

"వచ్చిందా?"

"వచ్చింది."

"తింటున్నదా?"

"తింటోంది బాబాయ్."

"ఉప్పు?"

"నాకుతోంది."

"గట్లనా" అన్నాడు. గొంతులో నవ్వు వినిపించింది. ముందుకే చూస్తూ రెండు చేతులూ ఎత్తి గాలికి దండం పెట్టాడు. "ఇగ జమాన్ ఎట్లనన్న మచ్చిక జేసుకుంటడు. నాకు రంది లేదు."

లచ్చవ్వ ఖర్జూరాల ముందు నిలబడి మా బండి వైపే చూస్తోంది. రోడ్డు మలుపు తిరిగేదాకా నేను అద్దం వదల్లేదు. అది ఒక్కసారి కూడా తల వంచలేదు.